మజ్జిగ పోయని సీమ

ఆ రోజు పొద్దున్న ఇందుమతి తన భర్త కోసం ఒక మేకను పోగొట్టింది.

తెల్ల మేక. ఎడమ చెవి మీద చింతగింజంత నల్ల మచ్చ. మెడలో చిన్న కంచు గంట. సాయంత్రం మందతో పాటు ఇంటికి రాలేదు. దాన్ని పెంచుకుంటున్న ముసలమ్మ అరుగు మీద కూర్చుని దారి వైపే చూస్తోంది. ఇంతవరకూ చెప్పి ఇందుమతి మైకు ముందు ఆగింది.

"తరువాత?" అంది యంత్రం. ఆడదో మగదో తెలియని గొంతు. ఎంత చెప్పినా దానికి ఆ ఒక్క ప్రశ్నే.

"తరువాత జోగారావుగారు ఆ దారినే వస్తారు. ముసలమ్మ ఆయన్ని పిలిచి, నాయనా, ఒక్క సాయం చేసిపెట్టవా అంటుంది."

"తరువాత?"

"మేక కొండ అవతల దొరుకుతుంది. కానీ మెడలో గంట ఉండదు. ఆ గంట కోసం పక్క ఊరు వెళ్ళాలి."

"తరువాత?"

ఇందుమతి నీళ్ళసీసా మూత తీసి ఒక గుక్క తాగింది. అద్దానికి అవతలి గదిలో జోగారావు మంచం మీద ఉన్నాడు. తలకి సాలెగూడులాంటి తీగల టోపీ. అతన్ని చూసుకునే ఆయా రమణమ్మ తడిగుడ్డతో అతని అరికాళ్ళు తుడుస్తూ, తెరిచి ఉన్న మధ్యతలుపులోంచి ఇటు తల తిప్పింది.

"ఏటమ్మా, ఈయేళ బాబుగోరికి ఏ పని సెప్పినారు?"

"మేక తప్పిపోయింది రమణమ్మా."

"మల్లీ మేకేనా! మొన్న దూడ, అంతకు ముందు గొర్రి. ఆ ఊళ్ళో పసువుల్ని కట్టీసుకోడం ఎవులికీ సేతకాదేటి?"

ఇందుమతి నవ్వింది. నవ్వుతూనే గోడ మీది తెర వైపు చూసింది. తెర మీద పచ్చని గీత ఒకటి మెల్లగా పాకుతోంది. దానికి బెత్తెడు కింద ఎర్ర గీత. మేక మాట చెప్పగానే పచ్చ గీత ఒకప్పుడైతే చేపలా ఎగిరిపడేది. ఈ రోజు కొంచెం కదిలి, మళ్ళీ పడుకుంది.

జోగారావు సర్వే శాఖలో పనిచేసిన మనిషి. విజయనగరం చుట్టుపక్కల అతని కాలు పడని గట్టు లేదు. కొలత గొలుసు పట్టుకుని పొలాల వెంట పోతే మధ్యాహ్నం భోజనం సంగతి ఇంకొకళ్ళు గుర్తు చెయ్యాలి. అలాంటి మనిషికి మొదట వేళ్ళలోంచి పెన్సిలు జారిపోవడం మొదలైంది. ఆ తరువాత కాళ్ళు, ఆ తరువాత నాలుక. చివరికి కుడి కనురెప్ప ఒక్కటే మాట వినేది. ఇందుమతి అన్నం మెత్తగా చేసి గొట్టంలో పోస్తుంటే ఆ రెప్ప కింద నీళ్ళు తిరిగేవి. తిండి కోసం కాదు, నడక కోసం అని ఆమెకు తెలుసు.

భీమిలి దారిలో, సముద్రం కనిపించే మెట్ట మీద ఉన్న పరిశోధనశాలకి వాళ్ళను పంపింది ఒక తెలిసిన వైద్యుడు. అక్కడ డాక్టర్ ఎలీషా అనే నెమ్మదైన మనిషి జోగారావు మంచం పక్కన కూర్చుని, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. ఒళ్ళు కదలకపోయినా మెదడు నడవగలదు. దానికి కావలసింది నేల. ఆ నేల మేము ఇస్తాం. పేరు కొత్తసీమ. కొండలు, ఏళ్ళు, ఊళ్ళు, మనుషులు. వీడియో ఆటల్లో ఉంటాయే, ఎటు కావాలంటే అటు తిరిగే లోకాలు, అలాంటిదే, కాకపోతే మీరు లోపలే ఉంటారు. ఒంటి బరువు లేని మెదడు కలలో పరిగెత్తినట్టు పరిగెడుతుంది కాబట్టి ఇక్కడ ఒక రోజంటే అక్కడ ఒక నెల.

"వెళ్తారా సర్?"

రెప్ప ఒకసారి వాలి లేచింది. అంటే ఔను. ఇంకోసారి అడగకుండానే మళ్ళీ వాలి లేచింది.

కానీ నేల ఒక్కటే చాలదని ఎలీషాకి అప్పటికే తెలుసు. ఏ పనీ లేని మెదడు ఆ లోకాన్ని వదిలేస్తుంది. పచ్చ గీత ఎర్ర గీత కిందకి దిగి అక్కడే ఉండిపోతే, ఇక అది వెనక్కి రాదు, ఒళ్ళూ నిలవదు. అంతకుముందు వచ్చిన రోగులకి ఆటలు రాసే నిపుణులు పనులు రాసిపెట్టారు. ఎవరూ ఎక్కువకాలం నిలవలేదు. సొంత మనిషి చెప్పిన పనైతే మెదడు కాదనలేదని ఆయనకి ఆ తరువాత తోచింది.

"మీరు చెప్పాలమ్మా పనులు. రోజూ. ఒక పని ఇంకో పనికి దారి తియ్యాలి. అదొక్కటే నియమం. ఏదీ అక్కడితో అయిపోకూడదు."

ఇందుమతికి ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వొచ్చింది. "పెళ్ళైన దగ్గర్నుంచీ నేను ఆయనకి చేస్తున్నది అదే కదండీ. కరివేపాకు తెచ్చేలోపు గ్యాసు బండ సంగతి చెప్పేదాన్ని."

మొదటి రోజులు పండగలా గడిచాయి. అతను చూసేది బయటివాళ్ళకి కనిపించదు. తెర మీద ఆ గీత, పక్కన అతను నడిచినంత మేరా మంచు తొలగి బయటపడే పటం, ఆ రెండే ఆనవాళ్ళు. పటం రోజురోజుకీ విచ్చుకునేది. ఏరు పొడవునా పోయాడు, కొండ చుట్టూ తిరిగాడు. ఇందుమతి మామిడితోట చెప్పిన రోజున గీత తెర పైఅంచు తాకింది. మింగలేని మనిషి మామిడిపండు తిన్నాడని ఆమె ఇంటికొచ్చి చుట్టుపక్కల అందరికీ చెప్పింది.

అతను లోపలికి వెళ్ళి ఏడాదిన్నర. లోపలి లెక్కలో నలభై ఏళ్ళు దాటింది.

*

ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర ప్రణవి తల్లి మొహం చూసి, "మళ్ళీ కిందకి వచ్చిందా?" అంది. ప్రణవి వాళ్ళ ఒక్కతే కూతురు. బ్యాంకులో ఉద్యోగం. పొద్దున్న వెళ్తూ తల్లిని పరిశోధనశాల దగ్గర దింపుతుంది, సాయంత్రం వస్తూ తీసుకొస్తుంది.

"మేకని చెప్పాను. కదల్లేదు. రేపు పెద్దది ఏదైనా చెప్పాలి. వరదో, పులో." ఇందుమతి కూర గరిటె ఎత్తింది.

"చాలమ్మా." ప్రణవి కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఏం తిన్నావే? కొంచెం."

"అమ్మా, చెయ్యి పెట్టాను."

వేళ్ళ సందుల్లోంచి కూర కంచంలో పడింది. ఆ ఇంట్లో అది కొత్త కాదు. ప్రణవి చెయ్యి నాక్కుని, అన్నం కలుపుకుంది.

"నేనూ నాన్నా ఆదివారాలు టీవీ ముందు ఆటలు ఆడేవాళ్ళం గుర్తుందా? నువ్వు వంటింట్లోంచి తిడుతూ ఉండేదానివి."

"గుర్తు లేకేం. ఇద్దరూ స్నానాలు కూడా చేసేవాళ్ళు కాదు."

"నాన్న ఎవరితోనూ యుద్ధం చేసేవారు కాదు. అంచు వెంట నడిచేవారు. ఈ నేల ఎంత ఉందో చూద్దాం పాపా అని. చివర కనిపిస్తే ఎంత సంతోషపడేవారో! హమ్మయ్య, సర్వే అయింది అనేవారు." ఆమె నీళ్ళు తాగింది. "తరువాత తరువాత వచ్చిన ఆటలకి చివరే లేదమ్మా. మొదట్లో ఎంతో బాగుంటాయి. కొండెక్కి చూస్తే గుండె నిండిపోతుంది. పోనుపోను పటం నిండా గుర్తులు. ప్రతి గుర్తు దగ్గరా ఎవరో ఒకరు నిలబడి ఏదో ఒకటి పోయిందంటారు. ఒకటి తెచ్చిస్తే ఇంకోటి. కొండ వంక చూడడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. గుర్తులే చూస్తూ నడిచేదాన్ని. ఆడాలనిపించదు. ఆపుదామంటే ఇన్నాళ్ళు పోసిన సమయమంతా ఏమైపోతుందో అని ఆపబుద్ధి కాదు. ఆఫీసులో కూడా అంత అలసట రాదు. ఒకరోజు ఏడుపొచ్చింది. ఆటకి ఏడవడమేమిటని ఎవరికీ చెప్పలేదు."

"అయితే ఏమంటావిప్పుడు?"

"ఏమీ అనడం లేదు. నాన్నకి మీట లేదు కదా, ఆపడానికి."

ఇందుమతి గరిటె గిన్నెలో గట్టిగా పెట్టింది. "అది ఆట. ఇది మీ నాన్న ప్రాణం. రెండూ ఒకటి చెయ్యకు." లేచి వంటింట్లోకి వెళ్ళింది. పెరుగు గిన్నె తేవడం మరిచిపోయానని అక్కడికి వెళ్ళాక గుర్తొచ్చింది.

*

వరద చెప్పింది. గీత ఎగిరింది, మర్నాటికి ముందుకన్నా కిందకి దిగింది. పులి చెప్పింది. ఇంకా కిందకి దిగింది. ఊరుకోలేక, "నాలాంటి ఒక మనిషి ఎదురవుతుంది" అని చెప్పింది. అలా చెప్పడం అదేమీ మొదటిసారి కాదు. గీత పడిపోయినప్పుడల్లా ఆ ఉపాయం పనిచేసేది. ఈసారి పనిచెయ్యలేదు.

డాక్టర్ ఎలీషా పటాన్ని పెద్దది చేసి చూపించాడు. కొత్తసీమ అంచుల్లో వరసగా నల్ల చుక్కలు. ఆ వరసకి అవతల ఇంకో వరస. దానికి అవతల ఇంకోటి.

"ఇవేమిటో మాకు అర్థం కాలేదమ్మా. మేం పెట్టినవి కావు."

ఇందుమతికి చూడగానే అర్థమైంది. పెళ్ళైన కొత్తలో ఆ చుక్కల కాగితాల మీద పొరపాటున కాఫీ కప్పు పెట్టి తిట్లు తిన్నది. "హద్దురాళ్ళు. ఆయన పాతినవి. ఇక్కడికి సీమ అయిపోయింది అనుకున్న చోట రాయి పాతారు. మీరు నేల పెంచారు. మళ్ళీ నడిచి మళ్ళీ పాతారు."

"నేల పెంచమని యంత్రాన్ని అడిగేది మీరు చెప్పే పనులేనమ్మా," అన్నాడు ఎలీషా నొప్పించకుండా.

ఆఖరి వరసలో రెండే రాళ్ళు ఉన్నాయి. అక్కడితో చుక్కలు ఆగిపోయాయి. చాలా కాలంగా జోగారావు ఆ రెండో రాయి దగ్గర్నుంచి కదలలేదు.

"లోపలికి వెళ్ళి మాట్లాడతారా? పావుగంట కన్నా ఉంచలేను. లోపల ఒక పూట అవుతుంది. ఇంకొన్నాళ్ళు ఉండమని మీరు అడిగితే, మీ మాట కాదనకపోవచ్చు."

ఆ మాటే అడగాలని ఇందుమతి కుర్చీలో పడుకుంది. టోపీ పెట్టేటప్పుడు రమణమ్మ ఆమె జుట్టు సరిచేసి, "బాబుగోర్ని అడిగినానని సెప్పండమ్మా," అంది.

*

ఎర్రమట్టి దారి. రెండు పక్కలా తుమ్మచెట్లు. ఆమె చెప్పినది చెప్పినట్టు ఉంది. చెప్పనివన్నీ యంత్రం ఆమె చెప్పినవాటితోనే పూరించుకుంది. ఊరూరా ఇళ్ళకి నీలం తలుపులే. వంటిళ్ళన్నిట్లోంచీ ఇంగువ వాసనే. ఆడవాళ్ళందరూ చెయ్యి కొంగుకి ఒకేలా తుడుచుకుంటున్నారు. కాసేపటికి అది తన అలవాటేనని ఆమెకు తెలిసింది.

వాళ్ళెవరూ ఆమె వైపు చూడలేదు. వాళ్ళు అడగవలసిన మనిషి ఒక్కడే. గుమ్మాల్లో, బావుల దగ్గర, గట్ల మీద నిలబడి అందరూ దారి వైపే చూస్తున్నారు. ఒకరికి ఉంగరం పోయింది. ఒకరికి కొడుకు కబురు కావాలి. ఒకరికి తాళంచెవి. ఎక్కడ చూసినా ఎదురుచూపే. తను ఒక్కోరోజు ఒక్కరినే చెప్పింది. ఇంతమందిని చేశానని ఆమెకు తట్టనేలేదు.

అరుగు మీద ముసలమ్మ కూడా ఉంది. మేక పోయి లోపల నెలలు గడిచాయి. చూపు తిప్పకుండా, అదే గొంతుతో, "ఆ బాబు ఇంకా రాలేదు," అంటోంది.

కొండ అవతల, బీడు మీద, హద్దురాయికి వీపు ఆనించి జోగారావు కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది కానీ ఒళ్ళు గట్టిగానే ఉంది. కాళ్ళు చాపుకున్నాడు. ఆ కాళ్ళు ఆడుతున్నాయి, బొటనవేళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. ఇందుమతి ముందు వాటినే చూసింది. అతని పక్కన తెల్ల మేక పడుకుని నెమరేస్తోంది. ఎడమ చెవి మీద నల్ల మచ్చ.

"ఏం పోయింది?" అన్నాడు తలెత్తకుండా.

"ఏమండీ..."

"చెప్పు తల్లీ. మేకైతే ఇదిగో, ఎప్పుడో దొరికింది. తీసుకెళ్ళి ఇస్తే గంట అడుగుతుంది ఆ ముసలమ్మ. అందుకని ఇవ్వలేదు. ఉంగరమైతే నా వల్ల కాదు."

"నేనండీ, ఇందూని."

అతను తలెత్తాడు. ఆ చూపులో ఆశ్చర్యం లేదు. "మంచిది. ఈమధ్య కూడా ఒక ఇందు వచ్చింది. అంతకుముందు ఇంకొందరు. ఒకామె మందు తెచ్చిపెట్టమంది, ఏడు ఊళ్ళు తిరిగి తెచ్చాను. తెచ్చేసరికి ఆమె లేదు, వేరే ఆమె ఉంది. నువ్వేం అడుగుతావు?"

దారిపొడవునా కూర్చుకున్న మాటలు ఆమె గొంతు దాకా వచ్చి ఉన్నాయి. ఇంకొన్నాళ్ళు ఉండండి. మా కోసం. పాప కోసం. ఒక్క మాట అంటే చాలు, అతను లేచి నడుస్తాడు. ఏ ఇందూనీ అతను కాదనలేదు. కానీ ఆ మాట అన్న మరుక్షణం తానూ ఆ వరసలో ఇంకో ఆడమనిషి.

ఆమె చతికిలపడి మేకకి ఇటు పక్కన కూర్చుంది. "ఏమీ అడగను."

"ఏమీ?"

"ఏమీ లేదు."

అతను నమ్మలేదు. ఎదురుచూశాడు. ఎండ కొండ మీంచి జరిగింది. మేక లేచి, దులుపుకుని, ఇంకోవైపు తిరిగి పడుకుంది. ఆమె అడగలేదు. పెదవులు బిగబట్టి గడ్డిపరకలు తుంచుతూ కూర్చుంది.

చాలాసేపటికి అతని మొహం మెల్లగా మారింది. "అడగకుండా ఉండడం నీ వల్ల అయ్యే పని కాదే! నిజంగా నువ్వేనా?"

"వెటకారాలు పోలేదన్నమాట మీకు," అని ఆమె ఏడ్చేసింది.

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పట్టు ఉన్న చెయ్యి. ఎన్నేళ్ళకో. "పాప ఎలా ఉంది? దానికే ముసలితనం వచ్చి ఉంటుంది."

"లేదండీ. అక్కడ ఏడాదిన్నరే అయింది. దాని పెళ్ళి కూడా కాలేదు."

అతను ఎప్పుడో మరిచిపోయిన ఆ లెక్క వేసుకుంటూ ఆకాశం వైపు చూశాడు. "ఏడాదిన్నరా!" అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

దగ్గర్లోని ఇంట్లోంచి ఒకావిడ భోజనానికి పిలిచింది. నీలం తలుపు. "పద, చూద్దువుగాని," అని అతను లేచాడు.

ఆకులు వేసి ఉన్నాయి. పప్పు, వంకాయకూర, గోంగూర, పులుసు. అన్నీ ఇందుమతి చేతి రుచే. అతను తింటున్నాడు. ఆవిడ మళ్ళీ పప్పు వడ్డించింది, మళ్ళీ కూర, మళ్ళీ పులుసు. అతను ఆకు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్ళ మీద వేడి పులుసు పడింది. చెయ్యి తియ్యలేదు. ఆవిడ నవ్వుతూ పోస్తూనే ఉంది. అంతలో గుమ్మంలో ఒకతను రొప్పుతూ నిలబడ్డాడు. "బాబూ, మా ఎద్దు..."

"చూశావా?" అన్నాడు జోగారావు. కోపం లేదు. "నలభై ఏళ్ళయింది ఇందూ. ఏ ఇంట్లోనూ ఒక్క పూట మజ్జిగ దాకా రాలేదు. పులుసు దగ్గరకి వచ్చేసరికి ఎవరో ఒకరు వచ్చి ఏదో పోయిందంటారు. కడుపు ఎప్పుడో నిండిపోయింది. మజ్జిగ పోసుకోకుండా లేవకూడదని అన్నదానివి నువ్వే. అందుకని ఈ సీమ వదిలి లేవలేదు."

ఇందుమతి చేతిలో ముద్ద ఆకులో పెట్టేసింది. మైకు ముందు ఎన్ని భోజనాలు చెప్పిందో. ప్రతిసారీ పులుసు దాకా చెప్పి, అక్కడ ఒక కబురు పంపేది. ఇంట్లో అతను పెరుగన్నం తినగానే చెయ్యి కడుక్కుని, చొక్కా వేసుకుని, గొలుసు భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. ఆ గిన్నె తెస్తే ఇక మనిషి ఇంట్లో ఉండడు. ఆ భయం ఎప్పుడు నాలుక మీదకి ఎక్కిందో, ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా ఆమె మజ్జిగ అన్న మాట అనలేదు.

"వెనక్కి తీసుకెళ్ళమంటారా?" అని అడిగింది. అదొక్కటే అడిగింది.

"ఆ మంచం మీదకా? వద్దు." అతను ఆకు వైపు చూశాడు. "ఇక్కడ ఇంకో కొండా వద్దు. నడిచాను ఇందూ. బాగా నడిచాను. మామిడితోట బాగుంది. ఆ ఏరు చాలా బాగుంది. నువ్విచ్చినవన్నీ తీసుకున్నాను. కాస్త మజ్జిగ పొయ్యమను."

*

డాక్టర్ ఎలీషా చాలాసేపు ఒప్పుకోలేదు. "మీరు అడుగుతున్నదేమిటో మీకు తెలుసా అమ్మా? పనులు ఆపేస్తే గీత దిగిపోతుంది. ఇక రాదు."

"తెలుసు."

"మొదట పోయినవాళ్ళలో మా అన్నయ్య ఒకడు. వాడికి సొంత మనిషి చేత పనులు చెప్పించలేదని నేను ఈరోజుకీ..." ఆయన కళ్ళజోడు తీశాడు. "మీవారి దగ్గర ఇది కుదిరిందనుకున్నాను."

ప్రణవి తండ్రి మంచం అంచున కూర్చుని ఉంది. "కుదిరింది సార్. నాన్న నలభై ఏళ్ళు నడిచారు. సర్వే అయిపోయింది, అంతే."

మర్నాడు పొద్దున్నే ఇందుమతి మైకు ముందు కూర్చుంది. ముందు మేకని ఇంటికి పంపింది. గంట దాని మెడలోనే ఉంది, చూసుకోలేదు ముసలమ్మ. ఉంగరం బియ్యం డబ్బాలో దొరికింది. కొడుకు కబురు రాలేదు, కొడుకే వచ్చాడు. తాళంచెవి చూరులో ఉంది. యంత్రం "తరువాత?" అన్నప్పుడల్లా ఇంకొకరి పోయిన వస్తువు ఇచ్చేసింది. ఎదురుచూసేవాళ్ళు ఒక్కొక్కరే గుమ్మాల్లోంచి లోపలికి వెళ్ళిపోయారు.

"ఆ దూడనీ కట్టీమనండమ్మా," అని రమణమ్మ గుర్తు చేసింది. దూడని కట్టేశారు. ఎద్దుని కట్టేశారు.

మధ్యాహ్నమైంది. "నీలం తలుపు ఇంట్లో ఆవిడ ఆకు వేసింది," అంది ఇందుమతి.

"తరువాత?"

"పప్పు. నెయ్యి. వంకాయకూర. ఆయన తిన్నారు. చాలన్నారు. ఆవిడ గరిటె వెనక్కి తీసుకుంది. తలుపు దగ్గరకి ఎవరూ రాలేదు."

"తరువాత?"

"పులుసు. తలుపు దగ్గరకి ఎవరూ రాలేదు."

"తరువాత?"

ఇందుమతి చీర చెంగు గుప్పిట్లో బిగించింది. "మజ్జిగ."

యంత్రం మొదటిసారి ఆగింది. "మజ్జిగ అంటే?"

"భోజనం చివర పోసేది."

"'చివర' అన్నది ఈ సీమకి అనుమతించిన పదం కాదు."

ఆ నియమం పెట్టినవాడు ఆమె వెనకే నిలబడి ఉన్నాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. ఎలీషా ఆమె భుజం పక్కనుంచి చెయ్యి చాచి మీట నొక్కాడు.

"తరువాత?" అంది యంత్రం.

"చల్లటి మజ్జిగ. అన్నం మెత్తగా పిసికారు. ఉప్పు సరిపోయింది. దబ్బకాయ ముక్క నంజుకున్నారు."

పచ్చ గీత లేచింది. మామిడితోట రోజున లేచినంత ఎత్తుకి లేచి, అక్కడ నిలబడింది. రమణమ్మ అరికాళ్ళ మీంచి గుడ్డ తీసి చూస్తూ ఉండిపోయింది. ప్రణవి తండ్రి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"తరువాత?"

"చెయ్యి కడుక్కున్నారు. కండువాకి తుడుచుకున్నారు. బయటికి వచ్చి చెప్పులు వేసుకున్నారు."

పటం మీద సన్నని బాట ఒకటి నీలం తలుపు దగ్గర్నుంచి బయలుదేరింది. ఎక్కడా ఆగలేదు, ఏ గుమ్మం వైపూ తిరగలేదు. రెండు రాళ్ళ దగ్గరకి వచ్చి కాసేపు నిలిచింది. వాటి పక్కన మూడో చుక్క మొలిచింది. గీత మెల్లగా, ఏటవాలు గట్టు దిగే మనిషిలా, దిగడం మొదలుపెట్టింది. బాట రాళ్ళు దాటి మంచులోకి పోయింది. దానితో పాటు నేల పెరగలేదు.

"తరువాత?" అంది యంత్రం.

ఇందుమతి నోరు తెరిచింది. ఏడాదిన్నరగా ఆ ప్రశ్నకి జవాబు లేకుండా పోయిన క్షణం లేదు. ఇప్పుడూ ఉంది. అవతల ఒక కొండ ఉందనొచ్చు, కొండ మీద ఎవరో పిలుస్తున్నారనొచ్చు.

"తరువాత?"

ఆమె అరచెయ్యి ఎత్తి, మైకు మీద అడ్డం పెట్టింది.